ఊరికే

మన ఆడవాళ్ళు ఇల్లు కదలరనే మాట ఉత్త అబద్ధం. కదులుతారు. బాగానే కదులుతారు. కాకపోతే కదలడానికి ఒక కారణం కావాలి. ఆ కారణాలన్నీ ఒకచోట పేర్చి చూస్తే, చిత్రంగా అన్నీ 'ప' గుణింతంలోనే తేలతాయి. పెళ్ళి, పేరంటం, పురుడు, పరామర్శ, పుష్కరం. ఈ అయిదింటికీ బయల్దేరిన ఆడదాన్ని ఎవరూ ఆపరు సరికదా, ఆగిపోతేనే తప్పు పడతారు.

మా అమ్మ జీవితంలో చూసిన ఊళ్ళన్నీ ఈ అయిదు 'ప'లూ చూపించినవే. గుంటూరు చూసింది చెల్లెలి పురుటికి. ఏలూరు చూసింది మేనకోడలి పెళ్ళికి. గుడివాడ నుంచి బెజవాడ ఎంత దూరం గనక? అయినా కృష్ణను తనివితీరా చూసింది 1992 పుష్కరాల్లోనూ, 2004 పుష్కరాల్లోనూ. అది కూడా ముక్కు మూసుకుని, కళ్ళు మూసుకుని, మూడు మునకలు వేసినంత సేపు.

మన తరం వచ్చేసరికి 'పని' అని ఆరో 'ప' చేరింది. బ్యాంకుకి, బడికి, ఆఫీసుకి వెళ్తున్నాం. సంతోషమే. కాని అదీ కారణమే కదా! ఏ కారణమూ లేకుండా గడప దాటిన ఆడదానికి మాత్రం మన నిఘంటువులో ఇంకా మంచిమాట పుట్టలేదు.

తెలుగులో 'ఊరికే' అని ఒక చక్కని మాట ఉంది. "ఎక్కడికమ్మా?" అని అడిగితే "ఊరికి" అనండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఆ 'కి' మీద గుడి తీసేసి ఏత్వం పెట్టి "ఊరికే" అనండి, వచ్చింది చిక్కు. గుడి ఉన్నంత సేపూ ఆడదానికి ఫరవా లేదన్నమాట! మగవాళ్ళకు ఈ బాధ లేదు. "అలా సెంటరు దాకా వెళ్ళొస్తా" అని చెప్పులేసుకుంటారు. ఆ 'అలా'కి అర్థమేమిటో ఏ ఇల్లాలూ ఈనాటి దాకా అడిగి ఉండదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నలభై నాలుగో ఏట నేనొక సైకిలు కొన్నాను.

2023 దీపావళి వెళ్ళిన మర్నాడు అది మా అపార్టుమెంటు మెట్ల కింద వెలిసింది. వాచ్‌మన్ దాన్ని నఖశిఖపర్యంతం చూసి "పాపగారికాండీ?" అన్నాడు. మా పాప హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. "కాదు, నాకే" అన్నాను. అతను మర్యాదస్తుడు గనక నవ్వలేదు.

ఎదురింటి వదినగారు మాత్రం గొంతు తగ్గించి, "షుగరొచ్చిందా?" అని అడిగారు.

"లేదండీ."

"మరి బీపీయా?"

"అదీ లేదండీ."

"అయితే డాక్టరు ముందుజాగ్రత్తగా తొక్కమన్నారన్నమాట" అని ఆవిడే ఒక తీర్మానానికొచ్చి స్థిమితపడ్డారు. ఆరోగ్యంగా ఉన్న ఆడది సైకిలెక్కడం ఆవిడకు మింగుడుపడే విషయం కాదు. ఏదో ఒక జబ్బు ఉందంటే అందరికీ మనశ్శాంతి.

మావారు "కారుందిగా" అన్నారు. ఆయన దృష్టిలో వాహనం అంటే ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చేది. దారి అనేది, గమ్యం రావడానికి పట్టే ఆలస్యం. అమ్మాయి ఫోనులో "హెల్మెట్ పెట్టుకో అమ్మా" అంది. ఆ తరానికి కారణాలతో నిమిత్తం లేదు, జాగ్రత్తలుంటే చాలు. ఇక మా అత్తగారు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. వరండాలో కూచుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, కళ్ళజోడు మీదుగా సైకిలు వంక చూసి, "పచార్లకా?" అన్నారు. ఒక్క మాటే. కాని ఆ దీర్ఘంలో పదిమంది అత్తగార్ల పెట్టు ఉంది.

నిజానికి సైకిలు నాకు కొత్త కాదు. గుడివాడలో, పదేళ్ళ వయసులో, గంటకు రూపాయి అద్దె సైకిలు మీద నేర్చుకున్నాను. అది మగవాళ్ళ సైకిలు. సీటు అందేది కాదు. మధ్య కడ్డీ కిందనుంచి అవతలికి కాలు దూర్చి, ఒళ్ళంతా ఒక పక్కకు వంచి తొక్కేవాళ్ళం. అలా తొక్కుతూనే గుడివాడ సగం చూశాను. మోకాలి చిప్పలు రెండూ కొట్టుకుపోయాయనుకోండి, అది వేరే విషయం. ఆ తర్వాత హైస్కూలుకి లేడీస్ సైకిలు కొన్నారు. బడికి, బడి నుంచి ఇంటికి. ట్యూషనుకి, ట్యూషను నుంచి ఇంటికి. పెళ్ళయ్యాక అదీ పోయింది. ఎవరూ తొక్కొద్దనలేదు. సైకిలు మీద వెళ్ళవలసిన పని లేకపోయింది, అంతే. ఆడవాళ్ళ జీవితంలో చాలా సంగతులు ఇలాగే పోతాయి. ఎవరూ లాక్కోరు. అవసరం తీరిందని అటకెక్కుతాయి.

సైకిలుకీ ఆడవాళ్ళకీ ఉన్న చుట్టరికం చాలా పాతది. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ అనే ఆయన రెండు చక్రాలూ దాదాపు సమానంగా ఉండే 'రోవర్' సైకిలు తయారు చేశాడు. అంతకుముందు ముందు చక్రం మనిషెత్తు ఉండేది. గౌను వేసుకున్న ఇల్లాలు దానిమీదికి ఎక్కడం కల్ల. మూడేళ్ళకు డన్‌లప్ గారి గాలి టైర్లు వచ్చాయి. ఆ తర్వాత దొరసానులు సైకిళ్ళెక్కి ఊళ్ళు తిరగడం మొదలుపెడితే, అక్కడా పెద్దమనుషులు ముక్కున వేలేసుకున్నారు. ఆరోగ్యం చెడుతుందన్నారు, మొహం వికారమవుతుందన్నారు. అమెరికాలో స్త్రీలకు ఓటు హక్కు కోసం జీవితమంతా పోరాడిన సూసన్ బి. ఆంథొనీ మాత్రం, స్త్రీల స్వేచ్ఛకు సైకిలు చేసినంత మేలు లోకంలో మరేదీ చెయ్యలేదని 1896లో తేల్చి చెప్పింది.

అంత దూరం ఎందుకు? పక్కనున్న తమిళనాడులో, పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్. అక్షరాలతో పాటు సైకిలు తొక్కడం కూడా నేర్పారు. వేలాదిమంది పల్లెటూరి ఆడవాళ్ళు, రాళ్ళు కొట్టేవాళ్ళు, కూలీనాలీ చేసుకునేవాళ్ళు, సైకిళ్ళెక్కారు. బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళు కొనుక్కోవడానికి ప్రభుత్వం డబ్బిచ్చింది. దానివల్ల హైస్కూల్లో చేరే ఆడపిల్లలు ముప్ఫయి శాతానికి పైగా పెరిగారని ఆర్థికశాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. మన రాష్ట్రంలో కూడా 'బడికొస్తా' అనే పేరుతో ప్రభుత్వ బడుల్లోని ఆడపిల్లలకు సైకిళ్ళు పంచారు.

అన్నీ మంచి పనులే. చేతులెత్తి దణ్ణం పెట్టవలసినవే. కాని మీరు గమనించారో లేదో, అన్నీ మళ్ళీ 'పని'కే. బడికి, నీళ్ళకి, కూలికి, సంతకి. "ఇదిగో అమ్మాయ్, ఊరికే తొక్కుకో" అని ఏ ప్రభుత్వమూ సైకిలివ్వలేదు. ఇవ్వదు కూడా. ఆ శాఖ మనమే చూసుకోవాలి.

మేముండేది బెంజ్ సర్కిల్ దగ్గర. ఒకప్పుడు అక్కడ బెంజి లారీల కంపెనీ ఉండబట్టి ఆ పేరొచ్చిందంటారు. మద్రాసు నుంచి కలకత్తా వెళ్ళే రోడ్డూ, హైదరాబాదు నుంచి బందరు వెళ్ళే రోడ్డూ అక్కడే ఒకదాన్నొకటి కోసుకుంటాయి. 2020లో ఒక ఫ్లైఓవరు తెరిచారు, ఆ తర్వాత దాని పక్కనే ఇంకొకటి. పగటిపూట అక్కడ రోడ్డు దాటాలంటే ఇష్టదైవాన్ని తలుచుకోవాలి. కాని ఉదయం అయిదున్నరకు చూడండి! ఫ్లైఓవరు నీడలో పాలవాళ్ళు, పేపరువాళ్ళు, చీపుళ్ళు పట్టుకున్న మునిసిపాలిటీ ఆడవాళ్ళు. పెద్ద కారు పేరు పెట్టుకున్న ఆ కూడలి, ఆ గంటసేపు, పూర్తిగా సైకిళ్ళదే.

అక్కడి నుంచి ఎటు వెళ్ళినా మెత్తటి దారే. డెల్టా గనక ఎత్తుపల్లాలు లేవు. ఒకరోజు తూర్పుగా యనమలకుదురు లాకుల దాకా. ఒకరోజు పడమరగా ప్రకాశం బ్యారేజీ దాకా. రానూపోనూ పది పన్నెండు కిలోమీటర్లు, అంతే. ఇది తొక్కడానికి కండలక్కర్లేదు, పోటీలక్కర్లేదు. నాలాగా నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేవాళ్ళు కూడా హాయిగా తొక్కచ్చు. ఒకటే నియమం. లారీలు లేచేలోగా మనం ఇంటికి చేరాలి.

మొదటిసారి బ్యారేజీ మీద సైకిలాపి, పిట్టగోడకు ఆనుకుని నిలబడ్డ రోజు నాకు బాగా గుర్తు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆ వంతెన మీదుగా ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. అన్నిసార్లూ ఏదో ఒక 'ప' కోసమే, కారు అద్దంలోంచే. డెబ్భై గేట్లనీ, 1957లో కట్టారనీ, అంతకు వందేళ్ళ ముందు కాటన్ దొర కాలంలో కట్టిన ఆనకట్ట స్థానంలో వచ్చిందనీ చదువుకున్నాను. బి.ఏ.లో హిస్టరీ నా సబ్జెక్టు. కాని ఎగువన నీళ్ళు అద్దంలా నిలిచి ఉంటే, దిగువన ఇసుకతిన్నెల మధ్య పాయలుగా చీలిపోయి ఉంటాయనీ, ఆ రెండు నీళ్ళ రంగూ ఒకటి కాదనీ, వల విసిరే మనిషి విసిరేముందు ఒక్క క్షణం ఊపిరి బిగబడతాడనీ ఏ పుస్తకంలోనూ లేదు. నిలబడితేనే కనిపిస్తుంది. నిలబడాలంటే పని ఉండకూడదు.

ఇంతలో 2024 వచ్చింది. ఆగస్టు 31న మొదలైన వాన, సెప్టెంబరు ఒకటో తారీకుకల్లా ఊరిని ముంచేసింది. మర్నాడు బ్యారేజీ దగ్గర పదకొండు లక్షల నలభై మూడు వేల క్యూసెక్కుల వరద. కనీవినీ ఎరగనంత. అందరి గుండెలూ కృష్ణ వైపే కొట్టుకుంటూంటే, వెనక నుంచి బుడమేరు కట్ట తెంచుకుని సింగ్‌నగర్ మీద పడింది. మా ఇంట్లో వంటకు సాయం చేసే అమ్మాయి ఇల్లు అక్కడే. ఛాతీ లోతు నీళ్ళలో, పక్కవాళ్ళ డాబా మీద, పిల్లలిద్దరితో మూడు రోజులుంది. మళ్ళీ పనిలోకి వచ్చిన రోజున గిన్నెలు తోముతూ, నావంక చూడకుండానే, "కృష్ణ ఎక్కడమ్మా, మేమెక్కడ? మా మీదికి ఏ నీళ్ళొచ్చినట్టు?" అంది.

టీవీలో పెద్దలు చాలా చెప్పారు. కట్టకు మూడు గండ్లన్నారు, ఆక్రమణలన్నారు, మీరంటే మీరని వాదించుకున్నారు. ఆ అమ్మాయి అడిగిందానికి మాత్రం జవాబు అందులో దొరకలేదు. ఆ జవాబు కోసం నేనూ ఎక్కడికీ వెళ్ళలేదు. ఊరికే వెళ్తూంటే, రెండు చోట్ల, రెండు ముక్కలుగా అదే దొరికింది.

ఒక ముక్క అడవిలో. సంక్రాంతి వెళ్ళిన ఆదివారం, హైవే మీద లారీలతో పోటీ ఎందుకని సైకిలును ట్రాలీ ఆటోలో వేయించుకుని, ఇబ్రహీంపట్నం దాటి మూలపాడు వైపు వెళ్ళాను. కొండపల్లి అడవి అక్కడే. ఇంత డెల్టాలో, ఇంత వరిలో, ఊరి పక్కనే ఒక అడవి ఇంకా మిగిలి ఉందంటే బెజవాడ వాళ్ళలోనే చాలామంది నమ్మరు. రిజర్వు అడవి లోపలికి అటవీశాఖ వారిని అడక్కుండా వెళ్ళకూడదు. నేను తొక్కింది కొండవారగా పోయే మట్టిదారి మీద. రేగుపొదలు, బలుసుపొదలు, మోదుగ చెట్లు. అక్కడక్కడ సీతాకోకచిలుకలు. టైరు కింద ఎండుటాకు నలిగిన చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు.

కొండపల్లి బొమ్మలు చేసే పొణికి కర్ర ఈ అడవిదే. తేలిగ్గా, మెత్తగా ఉంటుంది. ఇప్పుడు అంత సులువుగా దొరకడం లేదని బొమ్మలు చేసేవాళ్ళు వాపోతున్నారు. వచ్చేటప్పుడు కొండపల్లిలో ఆగి బొమ్మలు చూశాను. మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటాయి, బొమ్మల కొలువులో పేర్చేవి. ఈసారి కాస్త పరకాయించి చూడండి. ఒకతె రోకలి పట్టుకుని దంచుతూంటుంది. ఒకతె తిరగలి విసురుతూంటుంది. ఒకతె నీళ్ళు తోడుతూంటుంది. ఒకతె మజ్జిగ చిలుకుతూంటుంది. ఊరికే కూచున్న ఆడబొమ్మ నాకొక్కటీ కనబడలేదు. దేవుళ్ళు మాత్రం హాయిగా కూచున్నారు!

ఆ మట్టిదారి పక్కన మేకలు కాసుకునే ముసలాయన ఒకడు కలిశాడు. వాన నీళ్ళు ఎటు పోతాయి తాతా అని మాటవరసకు అడిగాను. "ఇటు కురిసింది కృష్ణకి. కొండకి ఆ పక్క, మైలవరం వైపు కురిసిందంతా వాగులై బుడమేట్లో కలుస్తదమ్మా" అన్నాడు. చేతికర్రతో నేలమీద గీత గీసి చూపించాడు కూడా. కృష్ణా నదితో సంబంధం లేకుండా, ఈ కొండల వెనక నుంచి బయల్దేరి, బెజవాడ ఉత్తరపు గుమ్మం ముందునుంచి పోయే నీళ్ళవి. అంతవరకు తెలిసింది. పోయి ఎక్కడ ఆగుతాయి?

ఆ ముక్క కొల్లేట్లో దొరికింది. ఫిబ్రవరిలో కైకలూరులో మా పెద్దమ్మగారి అబ్బాయి ఇంటికి వెళ్ళాను. ఇదీ ఏ 'ప' కిందికీ రాదు గనక మా వదిన కంగారుపడి, "ఏమన్నా విశేషమా?" అని నాలుగుసార్లడిగింది. వాళ్ళమ్మాయికి తొమ్మిదో తరగతిలో బళ్ళో ఇచ్చిన సైకిలు పెరట్లో, వడ్ల బస్తాల వెనక, సాలెగూళ్ళు కట్టుకుని ఉంది. ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీ పూర్తిచేసి బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. "నీ సైకిలు నాకివ్వవే, ఆటపాక దాకా వెళ్ళొస్తాను" అంటే, "ఎందుకత్తా?" అని ఆగి, "నేనూ వస్తా, మా నాన్న సైకిలుంది" అంది. గాలి కొట్టించి, గొలుసుకు కొబ్బరినూనె చుక్కలు వేసి, తెల్లవారుజామున ఇద్దరం బయల్దేరాం.

రెండు మూడు కిలోమీటర్ల దారి. రెండువైపులా చేపల చెరువులే. నీళ్ళ మీద పొగమంచు, తవుడూ చెక్కా కలిసిన మేత వాసన, గట్ల మీద ఐసు పెట్టెలతో వ్యాన్లు. అది దాటి పక్షుల చెరువు గట్టెక్కామో లేదో, మా పిల్ల బ్రేకు వేసింది. ఏడెనిమిదేళ్ళు ఆ ఊళ్ళో సైకిలు తొక్కిన పిల్ల, ఎప్పుడూ బడివైపే తొక్కిందట. ఇటు రాలేదట.

ముందు చప్పుడు. వందల ముక్కులు ఒక్కసారి టకటకలాడుతున్నట్టు. తర్వాత కనిపించాయి, గూడబాతులు. ఒక్కొక్కటి పండగనాటి గంగిరెద్దంత ఠీవిగా, గడ్డం కింద సంచీ వేలాడేసుకుని. ఎగిరేదాకా మొద్దు పక్షి, ఎగిరాక మహారాణి. చెట్లు చాలక అటవీశాఖ వారు నీళ్ళలో ఇనుప స్టాండ్లు నిలబెడితే, వాటి మీదా గూళ్ళు కట్టుకున్నాయి. ఎర్రకాళ్ళ కొంగలు రెక్కల కొసలకు గులాబీరంగు అద్దుకుని నిలబడ్డాయి. నీటికాకులు రెక్కలు విప్పి బట్టల్లా ఆరేసుకుంటున్నాయి. ఆ పక్షుల పేర్లు రాయబోతే కొల్లేటి చాంతాడంత అవుతుంది గనక ఆపుతున్నాను.

కొల్లేరంటే కృష్ణకూ గోదావరికీ నడుమ ఉన్న పల్లం. రెండు డెల్టాల నీళ్ళూ దిగి ఆగే పెద్ద పళ్ళెం. బుడమేరు వచ్చి చేరేది ఇందులోనే, తమ్మిలేరు చేరేదీ ఇందులోనే. వచ్చే దారులు బోలెడు. సముద్రంలోకి పోయే దారి మాత్రం ఒక్క ఉప్పుటేరే. 1999లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. మూడు వందల ఎనిమిది చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సార్ జాబితాలో, అంటే లోకమంతా కాపాడుకోవలసిన చిత్తడినేలల పట్టికలో చేరింది. 2006లో లోపలి చేపల చెరువుల గట్లు తెగగొట్టారు. మళ్ళీ కట్టుకున్నవీ ఉన్నాయి. కట్టుకున్నవాళ్ళకూ పిల్లలున్నారు, అప్పులున్నాయి. ఆ తగువు తీర్చగలిగిన దాన్ని నేను కాను. కాని గట్టు మీద నిలబడితే ఒకటి మాత్రం అర్థమైంది. పళ్ళెం నిండా గిన్నెలు పేరిస్తే, పైనుంచి పోసిన పులుసు ఎక్కడ పడుతుంది? ఒళ్ళోనే.

కొండపల్లి వెనక అడవి కొండలు, మా సింగ్‌నగర్, ఈ గూడబాతులు. ముగ్గురూ ఒకే నీటితాడు మీద ఆరేసిన బట్టలు. మా వంటమ్మాయికి చెప్పవలసిన జవాబు అది. చెప్పాను కూడా. "అయితే అడవిలో వాన కొల్లేటికి పోతూ మా ఇంట్లో దిగిందన్నమాట, చుట్టంలాగా" అంది. నేను పదకొండు నవలలు రాశాను. ఇంత పొందిగ్గా చెప్పడం నాకు చేతకాలేదు.

గట్టు మీద మేం నిలబడి ఉండగా ఒకావిడ వచ్చి, నెత్తిమీది చేపల బేసిను దించి, ఆటో కోసం చూస్తూ, "ఎవరింటికొచ్చారమ్మా?" అంది.

"ఎవరింటికీ కాదు. ఊరికే, పక్షుల్ని చూద్దామని."

ఆవిడ నావంక కొంచెం వింతగా చూసింది. తర్వాత నేను చూస్తున్న వైపుకి తిరిగింది. "ఈ యేడు బాగా దిగాయి" అంది. కాసేపాగి, "అదుగో, ఆ చివర గూట్లో పిల్లలున్నాయి" అంది. మా ఇద్దరికంటే ముందు ఆవిడకే కనబడ్డాయి. తల్లి నోరు తెరిస్తే పిల్ల మెడదాకా లోపలికి దూర్చి తింటోంది. ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. అయిదు నిమిషాలుంటుందేమో. ఆటో వచ్చింది, ఆవిడ బేసినెత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ అయిదు నిమిషాలూ నాకు చాలాకాలం గుర్తుంటాయి. 'ఊరికే' అనేది ఉచితంగా దొరికే వస్తువేం కాదు. నాకు ఒక పూట దొరికింది. ఆవిడకు ఆటో ఆలస్యమైనంత సేపే దొరికింది. అంచేత, కాస్తో కూస్తో వెసులుబాటున్న మనలాంటివాళ్ళం కూడా కారణాలు వెతుక్కుంటూ కూచుంటే ఇంకెవరు చూస్తారు ఆ పక్షుల్ని?

ఇంటికొచ్చి ఇదంతా మావారికి చెబుతున్నాను. ఆయన పేపరు చాటునుంచి "ఊఁ" కొడుతున్నారు. వరండాలోంచి అత్తగారి గొంతు వినబడింది.

"దోనెలున్నాయా?"

నేను బయటికొచ్చాను. "ఏం దోనెలండీ?"

"తాటిదోనెలే. కొల్లేట్లో ఇంకా తిప్పుతున్నారా అని."

అప్పుడు బయటపడింది. మా అత్తగారి పుట్టిల్లు కైకలూరు దగ్గర ఏదో పల్లెటూరని తెలుసుగాని, అది కొల్లేటి లంకల్లోదని ఇన్నాళ్ళూ నాకు తెలీదు. పన్నెండేళ్ళు వచ్చేదాకా ఆవిడ గెడ వేసి దోనె నడిపేవారట. తామరాకుల మధ్య నుంచి, నాచు తప్పించుకుంటూ, కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి కనబడేదాకా వెళ్ళొచ్చేవారట. గూడబాతులు అప్పుడు చెట్ల మీదే గూళ్ళు కట్టేవట. ఆ మాట నిజమే. 1940లలో కె.కె. నీలకంఠన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో ఊరి చెట్ల మీద గూడబాతుల కాలనీ చూసి రాశాడు. 1970లు వచ్చేసరికి అవి ఆ ఊరు వదిలి వెళ్ళిపోయాయి.

"చేపలకు వెళ్ళేవారా అత్తయ్యగారూ?"

"చేపలకెందుకు? పట్టేవాళ్ళు వేరే ఉండేవారుగా."

"మరి గడ్డికా?"

"గడ్డికీ కాదు."

"ఇంకెందుకు వెళ్ళేవారు?"

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ పట్టుకుని చాలాసేపు ఆలోచించారు. "ఎందుకంటే ఏం చెప్పను? నీళ్ళుండేవి. దోనె ఉండేది" అన్నారు.

నాకు మాట రాలేదు. అరవై ఆరేళ్ళ కిందట ఆ గెడను ఆవిడ చేతిలోంచి ఎవరూ లాక్కుని ఉండరు. పన్నెండేళ్ళొచ్చాయి, వోణీ వేశారు, అవసరం తీరిందని అటకెక్కి ఉంటుంది. ఆ తర్వాత పెళ్ళి, పేరంటం, పురుడు, పరామర్శ, పుష్కరం. నా సైకిలు చూసి "పచార్లకా?" అన్న గొంతులో నాకు వినబడింది వెక్కిరింత ఒక్కటే. ఇప్పుడు వెనక్కి తలుచుకుంటే ఇంకేదో కూడా ఉందేమో అనిపిస్తుంది. అన్నట్టు 'పచార్లు' కూడా 'ప'తోనే మొదలవుతుంది. ఆరింటి పక్కన ఏడోదిగా దాన్నీ చేర్చుకుంటే ఎవరికి నష్టం?

మొన్నొక రోజు భోజనాల దగ్గర ఆవిడ, ఎవరి మొహమూ చూడకుండా, "ఆ గట్టు మీదికి కారెళ్తుందా?" అన్నారు.

"ఆటపాక గట్టు దాకా శుభ్రంగా వెళ్తుంది" అన్నాను.

మావారు తల ఎత్తి, "ఎందుకమ్మా? అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారా?" అన్నారు.

"ఎవరూ లేరు. ఊరికే" అన్నారు మా అత్తగారు, మజ్జిగ కలుపుకుంటూ.

కార్తీకం వెళ్ళాక, పక్షులు దిగాక బయల్దేరుతున్నాం. కారులో ముందు సీట్లో ఆవిడ. వెనకాల సైకిళ్ళ మీద నేనూ, మా కైకలూరు పిల్లా. మీలో ఎవరైనా అటు వస్తే గట్టు మీద కనబడతాం. పలకరించండి. ఏం పని మీద వచ్చారని మాత్రం అడక్కండి.